పార్శిల్ వచ్చింది, వయొలిన్ మాత్రం వెంటనే తీయలేదు

వయొలిన్ ధర కుదరడానికి పట్టిన టైమ్ కన్నా, దాన్ని ఎలా ప్యాక్ చేయాలో తేలడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. అమ్మిన ఆయన స్వయంగా వయొలిన్లు తయారుచేసే మనిషి. ఆయన ఉండే చోట గాలిలో తేమ బాగా ఉంటుంది, చలి అంతగా ఉండదు. నేనుండే చోట అప్పుడు నడి చలికాలం, రాత్రిళ్లు సున్నా కిందికి దిగుతోంది. మధ్యలో ట్రక్కులు, గోడౌన్లు. పార్శిల్ ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. "పోనీ ఎండలొచ్చేదాకా ఆగుతారా?" అని ఆయనే అడిగారు. అప్పుడు చలికి బదులు వేడితో తంటా అని మళ్లీ ఆయనే అన్నారు. సరే, ఇప్పుడే పంపేయండి అన్నాను.

తీగల దగ్గర కాసేపు మాట్లాడుకున్నాం. నేను పూర్తిగా వదులు చేసి పంపుతారనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. వయొలిన్ లోపల, పై పలకకూ కింది పలకకూ మధ్య, సౌండ్ పోస్ట్ అని ఒక సన్నని కర్ర నిలబడి ఉంటుంది. దానికి జిగురు ఉండదు. రెండు పలకల మధ్య బిగుతు మీదే అది నిలుస్తుంది. తీగలు పూర్తిగా వదిలేస్తే ఆ బిగుతు తగ్గిపోయి, దారిలో ఒక్క కుదుపుకు పడిపోవచ్చు. అలాగని పూర్తి శ్రుతిలో పంపకూడదు. నాలుగు తీగలూ కలిపి దాదాపు 22 నుంచి 25 కిలోల బలంతో లాగుతుంటాయి. చలికి తీగ కుదించుకుంటే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. అందుకని శ్రుతి బాగా దించి, బ్రిడ్జి, అంటే తీగల్ని పైకెత్తి పట్టే చెక్క ముక్క, నిలబడేంత బిగుతు మాత్రం ఉంచారు. తీగల కింది కొసల్ని పట్టుకునే టెయిల్‌పీస్ కింద మెత్తని గుడ్డ మడతపెట్టారు, బ్రిడ్జి పడినా టెయిల్‌పీస్ పోయి పై పలకకు తగలకుండా. కేసు ఒక అట్టపెట్టెలో, ఆ పెట్టె ఇంకో పెద్ద పెట్టెలో, మధ్యలో నలిపిన కాగితం. బబుల్ ర్యాప్ మాత్రం వార్నిష్‌కి నేరుగా తగలనివ్వలేదు. వేడి తగిలితే ఆ బుడగల అచ్చు వార్నిష్ మీద పడి పోదు.

నేను అడిగింది ఒక్కటే. కేసు లోపల వేడినీ తేమనూ కొలిచే చిన్న బ్లూటూత్ సెన్సర్ ఒకటి పెట్టమన్నాను. బటన్ సెల్‌తో నడిచేది, ఫోన్లో యాప్ ఉంటే పెట్టె తెరవకుండానే లోపల ఎంత ఉందో చూసుకోవచ్చు. దారిలో నమోదైన లెక్కలు కూడా దాని మెమరీలో ఉంటాయి. ఆయన నవ్వారు గానీ పెట్టారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే.

పార్శిల్ దారిలో ఉండగానే గది సంగతి చూసుకున్నాను. చలికాలంలో ఇంట్లో గాలి ఎందుకంత పొడిగా ఉంటుందో లెక్క వేస్తే తెలుస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 4.8 గ్రాముల నీటి ఆవిరికి మించి పట్టుకోలేదు. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే 17.3 గ్రాముల దాకా పట్టుకోగలదు. లోపల ఉన్నది మాత్రం ఆ 4.8 గ్రాములే. అంటే బయట వంద శాతం తేమతో ఉన్న గాలి ఇంట్లోకి వచ్చేసరికి 28 శాతానికి పడిపోతుంది. బయట మంచు కురుస్తున్నా ఇంట్లో పెదవులు పగిలేది అందుకే. వయొలిన్‌కి 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. నా గదిలో తేమ మీటర్ 24 చూపిస్తోంది.

అయితే ఆ 24ని నమ్మొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. చవక మీటర్లు నాలుగైదు శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. ఉప్పుతో సరిచూసే పద్ధతి ఒకటుంది. ఒక సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, అది కరిగిపోకుండా తడిసి ముద్దయ్యేంత నీళ్లు మాత్రమే చుక్కలు చుక్కలుగా వేయాలి. ఆ మూతనూ మీటర్‌నూ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పక్కపక్కన పెట్టి గాలి పోకుండా మూసి, ఒక రాత్రి వదిలేయాలి. గది వేడిమి దగ్గర ఉప్పు నీటి మీది గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఏ కంపెనీ వంటుప్పయినా, ఏ ఊరైనా అంతే. పొద్దున్న చూస్తే నాది 71 చూపించింది. కాబట్టి దాని లెక్కకు నాలుగు కలుపుకోవాలి; గదిలో అసలు ఉన్నది 28 దాకా అన్నమాట. పైన కట్టిన లెక్కా ఈ మీటరూ కలిసినందుకు నాకు చిన్న సరదా.

గదికి ఒక హ్యూమిడిఫయర్ పెట్టి నెమ్మదిగా 42 దాకా తెచ్చాను. ఇంకా పెంచితే కిటికీ అద్దాల మీద నీళ్లు కారడం మొదలైంది. గోడ మూలల్లో బూజు పట్టే యోగం కూడా ఉంటుంది. అందుకని అక్కడితో ఆపాను. 50 కావాలని పట్టుబట్టడం కంటే, రోజంతా కదలకుండా 42 ఉండటమే మేలనిపించింది.

పార్శిల్ ఒక మధ్యాహ్నం వచ్చింది. చేత్తో ముట్టుకుంటేనే అట్టపెట్టె జిల్లుమంది. ఒక మూల నొక్కుకుపోయి ఉంది. ఇక్కడ ఒక చిక్కుంది. డెలివరీ వాళ్ల షరతుల్లో దెబ్బ తిన్నదేమో వెంటనే చూసి చెప్పాలని ఉంటుంది. వయొలిన్ మంచికోరేవాళ్లు మాత్రం వెంటనే తెరవొద్దంటారు. నేను రెంటికీ మధ్య దారి పట్టాను. పెట్టెని ఆరు వైపులా ఫొటోలు తీశాను, నొక్కుకుపోయిన మూల దగ్గరి నుంచి ఇంకో రెండు. సంతకం చేసేటప్పుడు "బయటి పెట్టె మూల నొక్కుకుపోయింది, లోపల ఇంకా చూడలేదు" అని రాశాను. అమ్మినాయనకు ఆ ఫొటోలు అప్పుడే పంపి, రేపు తెరుస్తానని మెసేజ్ పెట్టాను. వాళ్లు ఇచ్చే గడువు ఎంతో పార్శిల్ రాకముందే అడిగి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

తర్వాత దాన్ని లోపలి గదిలో, గోడకి ఆనకుండా, హీటర్‌కి దూరంగా ఒక బల్ల మీద పెట్టాను. బయటి పెట్టె టేపు కూడా కోయలేదు.

ఫోన్ తీసి చూస్తే సెన్సర్ 4 డిగ్రీలు చూపించింది. గదిలో 21. ఆ క్షణంలో కేసు తెరిచి ఉంటే జరిగేది తెలిసిందే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు వయొలిన్‌కి చెమట పడుతుంది. 21 డిగ్రీల గదిలో 42 శాతం తేమ ఉంటే, ఎనిమిది డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు చేరుతుంది. వార్నిష్ మీద చేరిన నీటిని తుడుచుకోవచ్చు. ఎఫ్ ఆకారపు రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్లి, వార్నిష్ లేని పచ్చి చెక్క మీద చేరిన నీటిని తుడిచేదెవరు? గదిని పొడిగా వదిలేస్తే ఈ చెమట బాధ ఉండదు గానీ, చెక్క ఎండిపోయే బాధ మొదలవుతుంది.

రెండో కారణం పైపూత. చెక్క ఒక లెక్కన, దాని మీది పూత ఇంకో లెక్కన సాగుతాయి, కుదించుకుంటాయి. నెమ్మదిగా జరిగితే రెండూ సర్దుకుంటాయి. ఒక్కసారిగా జరిగితే, రెంటిలో పెళుసుగా ఉన్నది పగులుతుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్ పూసిన గిటార్లకు ఇది మరీ ఎక్కువ. చల్లని కేసు వెచ్చని గదిలో ఠక్కున తెరిస్తే, కళ్లముందే సన్నని గీతలు పాకుతూ పోతాయి. వయొలిన్ వార్నిష్ అంత పెళుసు కాకపోయినా, చూద్దాంలే అని పరీక్ష పెట్టాల్సిన విషయమైతే కాదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఎలా ఉంది వయొలిన్?"

"తెలీదురా. ఇంకా తీయలేదు."

"మధ్యాహ్నమే వచ్చిందన్నావుగా?"

"వచ్చింది. పదకొండు డిగ్రీల్లో ఉంది ఇంకా."

"దానికి జ్వరం చూస్తున్నావా ఏంటి?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు. రాత్రి పడుకునేముందు 17 అయింది. తెల్లారి లేచి చూస్తే ఇరవై దాటింది. మామూలుగా అందరూ 24 గంటలు ఆగమని చెప్తారు. రెండు అట్టపెట్టెలూ, లోపల ఫోమ్ పరిచిన కేసూ ఉంటే అది సరైన లెక్కే. పల్చటి గుడ్డ సంచిలో వచ్చినదానికి అంత అక్కర్లేదు. సెన్సర్ ఉంటే ఊహించాల్సిన పనే లేదు.

ఆ రాత్రి నేను వేడిని కాక తేమ అంకెనే ఎక్కువ చూశాను. గాలి వేడెక్కితే తేమ శాతం పడిపోతుందని పైన లెక్క వేశాం కదా. మరి కేసు లోపల గాలి 4 నుంచి 20 డిగ్రీలకు వేడెక్కుతుంటే తేమ శాతం మూడో వంతుకు పడిపోవాలి. పడలేదు. 52 ఉన్నది మెల్లగా 56కి పెరిగింది. కారణం ఏమిటంటే, మూసిన కేసులో గాలి కొంచెం, చెక్క చాలా. ఆ కొంచెం గాలికి కావాల్సిన ఆవిరిని చెక్కే ఇస్తుంది, దానివల్ల చెక్కకు తగ్గేది లెక్కలోకి రానంత. అంటే మూసి ఉన్నంతసేపూ వయొలిన్ తన పాత ఊరి గాలిలోనే ఉంది. వెచ్చబడింది గానీ ఎండలేదు. అసలు మార్పు కేసు మూత ఎత్తినప్పుడు మొదలవుతుంది. ఇరవై నాలుగు గంటలు అనేది వేడికి సంబంధించిన గడువు మాత్రమే. తేమకు అది సరిపోదు.

మర్నాడు పెట్టెలు తెరిచి, కేసు మూత ఒక అంగుళం ఎత్తి, మధ్యలో మడతపెట్టిన గుడ్డ పెట్టి కాసేపు అలాగే వదిలాను. ఆ తర్వాతే పూర్తిగా తీశాను. కొత్త వార్నిష్ వాసన గుప్పుమంది.

ముందు బ్రిడ్జి చూశాను. నిలబడే ఉంది గానీ కొద్దిగా ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) వైపు వాలింది. తర్వాత ఫోన్ టార్చి ఎఫ్ రంధ్రంలోకి వేసి సౌండ్ పోస్ట్ చూశాను. నిటారుగా ఉంది, హమ్మయ్య అనుకున్నాను. అది పడిపోయి ఉంటే తీగలు ఇంకా వదులు చేసి, నేరుగా రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. పోస్ట్ లేకుండా తీగలు బిగిస్తే ఆ బరువంతా ఆసరా లేని పై పలక మీద పడుతుంది. పోస్ట్ ఉండే చోట చీలిక వస్తే బాగుచేయడం కష్టం, వాద్యం విలువ కూడా బాగా పడిపోతుంది.

ఇక అతుకులు. వేలి కణుపుతో అంచు వెంబడి తడుతూ, చెవి దగ్గరపెట్టుకుని వింటూ చుట్టూ తిప్పాలి. అతుకు గట్టిగా ఉన్నంతమేరా చెక్క గంభీరంగా, ఒకే తీరుగా పలుకుతుంది. ఊడిన చోట పల్చగా, చిన్న గరగరతో పలుకుతుంది. పై భాగం బాగుంది, నడుము బాగుంది. కిందికొచ్చి, గడ్డం ఆనించే చిన్‌రెస్ట్ పక్కన తట్టేసరికి శబ్దం మారింది. మళ్లీ తట్టాను. అదే. పల్చటి కాగితం ముక్క ఒకటి అక్కడ ఆనిస్తే అంచు కింద నుంచి లోపలికి జారింది. అటూ ఇటూ జరిపి చూస్తే ఎక్కడిదాకా ఊడిందో తెలిసింది. టార్చి వెలుగులో పై పలకంతా వెతికాను, చీలిక మాత్రం ఎక్కడా కనబడలేదు.

మా దగ్గర వయొలిన్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేశాను.

"ఎంతమేర ఊడిందండీ?"

"రెండంగుళాలు ఉంటుందండీ. కింది అంచున, ఎడమ పక్క."

"పలకలో ఏమైనా పగుళ్లు కనబడుతున్నాయా?"

"లేవండీ. అతుకు ఒక్కటే."

"అయితే కంగారేం లేదు. అక్కడ ఊడాలనే అక్కడ జిగురు పల్చగా పెడతాం. ఆ అతుకు ఊడకపోయి ఉంటే పలక చీలేది. మీరు మాత్రం బజార్లో దొరికే జిగురు ఏదీ పెట్టేయకండి సుమా. తీగలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి."

"ఈరోజే తెమ్మంటారా?"

"వద్దండీ. దూరం నుంచి వచ్చిందంటున్నారు. మీ గదిలోనే కొన్నాళ్లు ఉండనివ్వండి. ఇవాళ అతికిస్తే, చెక్క ఇంకా కుదించుకుంటూ పోయి పక్కన ఇంకోచోట ఊడుతుంది. అది సర్దుకున్నాక తెండి."

పూర్తి శ్రుతికి తెచ్చి వాయించుకుందామని గంటలు లెక్కపెట్టుకుంటున్న నాకు ఆ మాట నచ్చలేదని వేరే చెప్పాలా. కానీ ఆయన చెప్పినదాంట్లో విషయం ఉంది. చెక్క తేమను వదిలినా పీల్చినా, అన్ని వైపులా ఒకేలా సాగదు. నార పొడవునా మార్పు దాదాపు సున్నా. అడ్డంగా చాలా ఎక్కువ. గాలిలో 60 శాతం తేమ ఉన్నచోట చెక్క తన బరువులో 11 శాతం దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. 40 శాతం ఉన్నచోట ఎనిమిది దగ్గరికి దిగుతుంది. ఆ మూడు శాతం తేడాకి, కింది భాగంలో 20 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పుండే స్ప్రూస్ పలక అడ్డంగా ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ కుదించుకుంటుంది. వినడానికి చిన్నదే. అయితే ఆ పలక అంచుని పట్టుకుని ఉన్న పక్క చెక్కల నార చుట్టూ పొడవునా పోతుంది. అవి కుదించుకోవు. పలక లోపలికి లాగుతుంది, పక్కలు కదలనంటాయి. ఆ పంతంలో ఎవరో ఒకరు వదలాలి. జంతువుల చర్మం ఉడికించి తీసే జిగురుని పై పలక అతుకులకు పల్చగా కలిపి పెట్టేది ఆ వదిలేది జిగురే అవ్వాలని. అది నీటితో, వేడితో మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి అతుకు శుభ్రం చేసి తిరిగి అతికించడం తేలిక. మామూలు చెక్క జిగురు పెడితే ఆ వెసులుబాటు పోతుంది.

కాబట్టి 56 నుంచి 42కి నెమ్మదిగా దించాలి. దీనికి నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. 49 శాతం దగ్గర తేమని నిలిపే ప్యాకెట్లు దొరుకుతాయి, లోపల ఉప్పు ద్రావణం ఉంటుంది. గాలి పొడిగా ఉంటే ఆవిరి వదులుతాయి, తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి. వాటిని గుడ్డ జేబులో పెట్టి కేసులో ఉంచాను, వయొలిన్‌కి తగలకుండా. మొదట్లో కేసు మూసే ఉంచి, రోజూ కాసేపు మాత్రం తెరిచేదాన్ని. తర్వాత తర్వాత ఎక్కువసేపు. ఎఫ్ రంధ్రంలోంచి లోపలికి దించే స్పాంజి గొట్టాలు కూడా ఉంటాయి. తడిపాక సరిగ్గా పిండకపోతే ఆ నీటి చుక్క లోపల చెక్క మీదే పడుతుంది. నాకు వాటి మీద నమ్మకం లేదు.

సెన్సర్‌లో ప్రయాణం లెక్కలు ఆ ఖాళీలో తీరిగ్గా చూశాను. పగళ్లు ఎనిమిది, పది డిగ్రీలు. ఒక రాత్రి రెండుకి దిగింది. ఎక్కడో గోడౌన్‌లో కాబోలు, ఇంకో రాత్రంతా 16 దగ్గర హాయిగా ఉంది. తేమ మాత్రం దారి పొడవునా యాభైల్లోనే. మరి అతుకు ఊడింది నా దగ్గరికొచ్చాక కాదు, దారిలో చలికి ఎండిపోయీ కాదు. మూల నొక్కుకుపోయిన ఆ దెబ్బకే అయ్యుండాలి. రిపేరాయన కూడా తర్వాత అదే అన్నారు. జిగురు అతుకు చలిలో పెళుసెక్కి ఉంటుంది, అప్పుడు చిన్న అదురు చాలు. అమ్మినాయనకు ఫొటోలతో పాటు ఈ లెక్కలు కూడా పంపితే, రిపేరు ఖర్చు ఆయనే పెట్టుకుంటానన్నారు. నేనడగకముందే.

వయొలిన్‌ని మళ్లీ చలిలోకి తీసుకెళ్లాల్సిన రోజు వచ్చింది. ముందు కారు వెచ్చబెట్టి, కేసు మీద ఒక దుప్పటి చుట్టి, డిక్కీలో కాకుండా వెనక సీట్లో పెట్టాను. అక్కడికి వెళ్లాక ఆయన కూడా కేసు వెంటనే తెరవలేదు. "కూర్చోండి, అది కూడా కాసేపు కూర్చుంటుంది" అన్నారు. అతికించే పని నేననుకున్నదానికన్నా తక్కువ సేపట్లో అయిపోయింది. సన్నని చాకు మొనతో వేడి నీళ్లు పెట్టి పాత జిగురు కడిగారు, అదే చాకుతో వేడి జిగురు లోపలికి తోశారు, అంచు పొడవునా చిన్న చిన్న బిగింపు మరలు పెట్టి వదిలేశారు. తడిసిన చోటు ఆరేదాకా తీగల జోలికి పోవద్దన్నారు.

శ్రుతి చేయడం దాదాపు మొదటినుంచీ మొదలుపెట్టినట్టే. ఒక తీగని ఒకేసారి పైదాకా లాగకుండా, నాలుగింటినీ కొంచెం కొంచెంగా, వంతులవారీగా. ప్రతి విడతకీ బ్రిడ్జి పై అంచు ఫింగర్‌బోర్డు వైపు లాక్కుపోతుంది. అందుకని రెండు చేతుల వేళ్లతో పట్టుకుని, టెయిల్‌పీస్ వైపున్న ముఖం నిటారుగా ఉండేట్టు వెనక్కి జరుపుతుండాలి. సగం దూరం వచ్చాక ఒక రాత్రి వదిలేశాను. పొద్దున్నకి అన్నీ దిగి ఉన్నాయి, తీగలు చుట్టి బిగించే చెక్క పెగ్‌లు రెండు పూర్తిగా జారిపోయి తీగలు వేలాడుతున్నాయి. పొడి గాలికి పెగ్గూ కుదించుకుంటుంది, అది దూరిన రంధ్రమూ మారుతుంది. రెండూ చెక్కే అయినా రెండూ ఒకేలా మారవు. తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పితే నిలుస్తాయి. నాకు ఒకదానికి మాత్రం పెగ్ పేస్ట్ రాయాల్సి వచ్చింది. తేమ ఎక్కువ ఉండే రోజుల్లో ఇదే పెగ్ ఉబ్బి కదలనని మొరాయిస్తుంది. అప్పుడు బలం పెట్టి తిప్పితే విరిగేది పెగ్గే, కాబట్టి మెల్లగా బయటికి లాగి తిప్పాలి.

ఇంకొకటి గమనించాను. తయారుచేసినాయన దగ్గర కొలిచి పంపిన తీగల ఎత్తు, మా గదిలో కుదురుకున్నాక కొద్దిగా తగ్గింది. పై పలక విల్లులా ఉబ్బి ఉంటుంది కదా, ఎండితే ఆ ఉబ్బు కిందికి దిగుతుంది, దాంతో బ్రిడ్జీ దిగుతుంది. చెల్లో (వయొలిన్ జాతిదే, పెద్ద వాద్యం) వాయించేవాళ్లలో కొందరు చలికాలానికి ఒక బ్రిడ్జి, ఎండాకాలానికి ఒకటి పెట్టుకునేది ఇందుకే. వయొలిన్‌కి అంత తేడా రాదు. నాకు వేళ్ల కింద తీగలు కాస్త తేలికయ్యాయి, బాగానే ఉంది.

వేడిలో వచ్చే పార్శిల్ సంగతి కూడా రిపేరాయన్ని అడిగాను. ఎండలో ఆగిన వాహనం లోపల 60 డిగ్రీలు దాటొచ్చు. చర్మపు జిగురు మెత్తబడటం మొదలయ్యేది కూడా ఆ చుట్టుపక్కలే, తేమ ఉంటే ఇంకా ముందే. అలాంటి వాద్యం ఇంటికొచ్చినప్పుడు చెమట పట్టే భయం ఉండదు గానీ, తీగల్ని ముట్టుకోవద్దన్నారు. మెత్తబడ్డ జిగురు మీద లాగుడు పెంచితే మెడ కదిలిపోవచ్చు. నేరుగా ఏసీ కింద పెట్టకుండా, నీడలో మూసిన కేసులోనే చల్లారనివ్వాలి. వార్నిష్‌కి గుడ్డ అతుక్కుని ఉంటే పీకకూడదు, చల్లబడ్డాక దానంతటదే వస్తుంది. రాకపోతే ఆయన దగ్గరికి తెమ్మన్నారు.

సెన్సర్ ఇప్పటికీ కేసులోనే ఉంది. పొద్దున చూస్తే 47. ప్యాకెట్లు రాళ్లలా గట్టిపడితే మార్చాలి, ఒకటి ఇప్పటికే అంచుల్లో గట్టిపడుతోంది. అట్టపెట్టెలు రెండూ మడతపెట్టి అటక మీద దాచాను, ఎప్పుడైనా దీన్ని మళ్లీ పంపాల్సి వస్తే వెతుక్కోకుండా.